ఆషాఢంలో ఇవ్వని కాలు

ఏడో తరగతి మధ్యలో నేను బడి మానేసిన రోజు మా లెక్కల అయ్యవారు పిల్లలందరికీ బెల్లం పంచిపెట్టారని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. పంచింది బొరుగులు. నా పేరు మీద జరిగిన మొట్టమొదటి దానధర్మం అదే. ఆ తరువాత నా బతుకంతా దానధర్మాల పక్కనే గడిచింది. ఇచ్చేవాడిగా కాదు, పుచ్చుకునేవాడిగా కూడా కాదు. మైకు పట్టుకున్నవాడిగా.

నాకు నంద్యాలలో ఒక ఆటో ఉంది. దాని నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లు. బట్టల కొట్లో తగ్గింపు ధరలు, కొత్తగా తెరిచిన కళ్ల ఆసుపత్రి, ఎవరైనా పోతే అంతిమయాత్ర ఎన్ని గంటలకో, అన్నీ వీధి వీధి తిరిగి చెబుతాను. ఒకసారి గొంతు మార్చడం మరిచిపోయి ఒక పెద్దాయన చావును చీరల తగ్గింపు ఊపులోనే చెప్పేశాను. ఆయన కొడుకులు నన్నేమీ అనలేదు. జనం బాగా వచ్చారట.

ఆ నోరు చూసే ఊళ్లోని ఒక సేవా సంఘం వాళ్లు నన్ను పిలిచారు. సంఘం పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, ఏ సంఘం గడప తొక్కినా కథ ఇంచుమించు ఇదే. వాళ్ల సభల్లో నా పని మాట్లాడటం కాదు, జనాన్ని లేవకుండా కూర్చోబెట్టడం. ముఖ్య అతిథి పదికి వస్తానంటాడు, పన్నెండున్నరకు వస్తాడు. ఆ లోపల దుప్పటి కోసం వచ్చిన ముసలమ్మ, కుట్టుమిషను కోసం వచ్చిన వితంతువు ఆకలేసి ఇంటికి పోకుండా నేను నవ్వించాలి. అతిథి వచ్చేసరికి కుర్చీలు నిండుగా ఉండాలి, మొహాలు నవ్వుతూ ఉండాలి. అది నా చేత అయ్యే పని. ఏళ్లుగా చేస్తున్నాను.

సేవా సంఘాల పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఏ వస్తువైనా దాత చేతి మీదుగానే పోవాలి. ఆయన చెయ్యి తగలనిదే అరటిపండు కూడా అరటిపండు కాదు. పెద్దాసుపత్రిలో పండ్లు పంచేటప్పుడు చూడాలి మీరు. ఒక్క పండును ఆరుగురు పట్టుకుని కెమెరా వైపు తిరుగుతారు. మంచం మీది రోగి తన చెయ్యి పెట్టడానికి సందు దొరక్క, పండు ఎటు పోతుందోనని తల ఎత్తి చూస్తుంటాడు. ఎండాకాలం చలివేంద్రం పెడతారు. పొద్దున్నే కుండలు నింపి, మీద తడిగుడ్డ కప్పి, ముందర రిబ్బను కడతారు. కత్తెర పట్టే ఆయన వచ్చేదాకా ఆ నీళ్లు ఎవరూ తాగకూడదు. వడ్ల బస్తాలు దించి చెమటలు కారుస్తూ వచ్చిన ఒక హమాలీని, 'ఇంకా ప్రారంభం కాలేదప్పా, దాహాన్ని కూడా లైన్లో నిలబెట్టు' అని నేనే మైకులో ఆపాను. అందరూ నవ్వారు. హమాలీ కూడా నవ్వాడు. నవ్వి పక్క వీధిలోని బోరింగు దగ్గరికి పోయాడు.

వృద్ధాశ్రమంలో ఎవరి నాయన తిథి వస్తే ఆ రోజు వాళ్ల పేరు మీద పాయసం. కొన్ని రోజుల్లో ముగ్గురు దాతల తిథులు ఒక్కసారే పడతాయి. ముగ్గురి పాయసమూ తినాలి, తింటూ ముగ్గురి ఫొటోల్లోనూ పడాలి. షుగరున్న ముసలివాళ్లు అక్కడ భయపడేది చావుకు కాదు, అమావాస్యకు.

ఇంత చెప్పాను కదా అని వాళ్లు చెడ్డవాళ్లని అనుకోవద్దు. చెడ్డవాళ్లయితే ఇది రాయడం ఎంత సులువు! చావు జరిగిన ఇంటికి శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టెను అర్ధగంటలో పంపుతారు. ఆసుపత్రి గేటు ముందర మధ్యాహ్నం పూట వేడి వేడి సాంబారన్నం పెడతారు. అది నేనూ తిన్నాను. మా అక్క ఆ ఆసుపత్రిలో పడుకున్నన్నాళ్లూ మా ఇద్దరికీ అదే భోజనం. ఇది రాస్తుంటే నా కడుపు నన్ను మధ్యమధ్యలో ఆపుతున్నది కూడా అందుకే.

మా అక్క నాకంటే చాలా పెద్దది. ఆళ్లగడ్డలో ఉంటుంది. బావ పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. అక్కడి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వండేది, అనాలి. ఆమె వంట సంగతి చెప్పాలంటే, ఆ బడిలో పిల్లలు అన్నం గంట కొట్టకముందే పళ్లేలు వాయించేవాళ్లు. గుడ్డు రోజున గుడ్డు దొంగిలించిన వాణ్ని నోరు వాసన చూడకుండానే పట్టేది. 'దొంగ గుడ్డు తిన్నోడు నా మొగం చూడడురా, గంజి గిన్నె చూస్తాడు' అనేది. నాకున్న నోరు మా అమ్మ ఇచ్చింది కాదు. మా అక్క దగ్గర కొట్టేసింది.

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే వీధి ఒకటుంది. ఆ దారిలో పోతుంటే అక్క అరికాల్లో రాతి పెచ్చు గుచ్చుకుంది. పసుపు అద్దుకుని మరుసటి రోజు కూడా పొయ్యి దగ్గరే నిలబడింది. ఆమెకు షుగరు ఉందని ఆ పెచ్చే చెప్పింది మాకు. నంద్యాలకు తెచ్చేసరికి పాదం నల్లబడింది. మోకాలి కింద ఒక జానెడు మిగిల్చి తీసేశారు.

బడి హెడ్మాస్టరు ఆసుపత్రికి వచ్చి చూశాడు. 'బడి తెరిచేటప్పటికి నిలబడగలిగితే పని నీదేనమ్మా. అంతవరకు ఎవర్నో ఒకర్ని పెట్టుకుంటా' అన్నాడు. మా అక్క ఆ ఒక్క మాట పట్టుకుని మంచం మీద నుంచి లేచింది. ఆమెకు కాలు పోయిన బాధ కంటే, తన పొయ్యి దగ్గర ఇంకెవరో చారులో చింతపండు తక్కువ వేస్తున్నారన్న బాధ ఎక్కువ. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. నొప్పికి ఏడవని మనిషి దానికి ఏడ్చింది.

ఉగాది వెళ్లిన కొన్నాళ్లకు మా సంఘం పెట్టుడు కాళ్ల శిబిరం పెట్టింది. దాత, బేతంచెర్ల వైపు బండల ఫ్యాక్టరీలున్న ఒక పెద్దమనిషి. కొలతలు తీయడానికి బయటి ఊరి నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. అక్క కాలికి తడి పట్టీ చుట్టి, అది గట్టిపడేదాకా పట్టుకుని అతను ఒక సంగతి చెప్పాడు.

“అక్కా, కోత మానిన కాలు ఇంకా కొన్నాళ్లు సన్నబడతానే ఉంటుంది. ఇది ఇప్పటి కొలత. కాలు చేతికి రాంగానే తొడుక్కోండి. కొద్దిగా వదులైతే సాక్సు ఎక్కించుకుంటూ పోవచ్చు. ఊరికే మూలన పెట్టి ఆలస్యం చేస్తే మాత్రం అది మీకు పట్టదు.”

“మూలన పెట్టేదానికి నేనేమన్నా పట్టుచీర కొనుక్కుంటాండానా నాయనా,” అంది అక్క. “కాలు గదా. వచ్చిన రోజే తొక్కి చూస్తా.”

మే నెల మధ్యలో కాళ్లు వచ్చాయి. లారీ నుంచి దించింది నేనే. ప్రతి కాలికీ ప్లాస్టిక్ కవరు, మీద పేరు కట్టిన చీటీ. ఆఫీసు వెనక సామాన్ల గదిలో గోడకు ఆనించి వరసగా నిలబెట్టాం. మనుషులు ఎక్కడో ఆగిపోయి కాళ్లు మాత్రం ముందుగా వచ్చి నిలబడ్డట్టు ఉండింది. ఆ రోజే మా కార్యదర్శి దగ్గరికి పోయి అడిగాను. ఆయన రిటైరైన ఉద్యోగి. తెల్లని చొక్కా, మెత్తని మాట. సంఘం సొమ్ముతో ఒక టీ కూడా తాగడు. అందుకే ఆయనతో పోట్లాడటం కష్టం.

“సార్, మా అక్క కాలు ఒక్కటి ఇప్పుడే ఇచ్చేయండి. సభ రోజు మళ్ల తెచ్చి ఫొటో దిగుతాం.”

“ఏందప్పా, ఇన్నేండ్లు మాతో ఉండి నువ్వే ఈ మాట అంటాండావు! ముందే ఇచ్చేసిన దాన్ని మళ్లా ఆయన చేతికిచ్చి ఇప్పిస్తే, ఆయనకు అవమానం గాదా?”

“ఆయన యాడుండాడు సార్?”

“కొడైకెనాల్‌లో. ఎండలు తగ్గినాంక వస్తాడు.”

“ఎండలు తగ్గేలోపల బడి తెరుస్తారు సార్.”

“బడిదేముందిలేప్పా,” అన్నాడు ఆయన. “ఏటా తెరుస్తారు.”

ఎండలు తగ్గాయి. పెద్దమనిషి దిగివచ్చాడు. వచ్చాక వాళ్లింట్లో ఏదో పెళ్లి. బడి తెరిచారు. హెడ్మాస్టరు మంచివాడు, ఇంకొంచెం ఆగాడు. 'జెండా పండగ దాకా చూస్తానమ్మా. పైనుంచి అడుగుతాండారు, అంతకు మించి నా చేతిలో లేదు' అన్నాడట. సరే, ఇంకా వ్యవధి ఉంది గదా అని నేను మళ్లీ కార్యదర్శి దగ్గరికి పోతే ఆయన క్యాలెండరు చూపించాడు.

“ఆషాఢం వచ్చేసిందప్పా. ఈ నెల ఏ మంచి పనీ చేయడు ఆయన. కొత్త కోడలే అత్తగారింట్లో అడుగు పెట్టదు, అట్లాంటిది కొత్త కాలు తొడిగిస్తామా? శ్రావణం రానీ.”

నేను నవ్వాను. నవ్వు నాకు అలవాటు మీద వస్తుంది. తుమ్ము లాంటిది అది. బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాక గానీ నేను దేనికి నవ్వానో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం అక్కకు ఫోను చేసి చెప్పాను. విని ఫోను పెట్టేసింది. మరుసటి రోజు మధ్యాహ్నం చంక కర్రల మీద నంద్యాల బస్టాండులో దిగింది. శిరివెళ్ల మీదుగా వచ్చే బస్సులో, నిండు జనంలో, ఒంటికాలి మీద. నేను తిట్టబోతే నోరెత్తనివ్వలేదు.

“కాలు ఇయ్యకపోతే పాయె. చూసేదానికి కూడా ముహూర్తం గావాల్నా?”

కార్యదర్శి అన్నానికి ఇంటికి పోయాడు. వాచ్‌మన్ నన్ను ఎరిగినవాడు, గది తలుపు తీశాడు. అక్క ఆ వరసను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి తనదాని దగ్గర ఆగింది. చీటీ చదవలేదు. ఆమెకు చదువు రాదు. ఎత్తు చూసి పట్టుకుంది. దుప్పట్ల మూట మీద కూర్చుని, కవరు విప్పి, సాక్సు ఎక్కించి, టెక్నీషియన్ చూపించినట్టే పట్టీలు బిగించుకుంది. గోడ పట్టుకుని లేచింది. ఒక కర్ర నా చేతికిచ్చింది. తలుపు దాకా నడిచింది. అక్కడ రెండో కర్ర కూడా తలుపుకు ఆనించి, వట్టి చేతులతో నా వైపు నడిచి వచ్చింది.

“రేయ్, బిగువుగా ఉందిరా,” అంది. “చానా బాగుంది. మొన్న పోయినట్లు, ఈ పొద్దు వచ్చినట్లు ఉంది.”

ఆమె మొహం అప్పుడెలా ఉందో రాయడానికి నా ఏడో తరగతి సరిపోదు. గంజి వార్చేటప్పుడు ఆవిరి తగిలితే ఎర్రబడేది చూడండి, అలా ఉంది. ఇంకోసారి తలుపు దాకా పోయి వస్తానని తిరిగింది. తలుపులో కార్యదర్శి నిలబడి ఉన్నాడు.

ఆయన అరవలేదు. ఎప్పుడూ అరవడు.

“అమ్మా, తీసేయండి,” అన్నాడు.

“సార్, నేను ఆళ్లగడ్డ నుంచి వచ్చినా. ఇది నాకు సరిగ్గా సరిపోయింది. ఇట్లే పోతా సార్. మీరు సభ ఎప్పుడంటే అప్పుడు వస్తా, కూర్చోమన్న కాడ కూర్చుంటా.”

“అట్ల కుదరదమ్మా. అడుగున అరిగితే ఫొటోలో కనపడుతుంది. మట్టి అంటితే, వాడిన కాళ్లు పంచినారని నలుగురూ అంటారు. ఆయన మనసు నొచ్చుకుంటే వచ్చే ఏడు శిబిరమే ఉండదు. ఇంకా ఎంతోమంది కాళ్లు ఆయన చేతిలో ఉండాయి. ఒక్క నెల. ఆషాఢం పోనీండి.”

“మాకు ఆషాఢం లేదు గద సార్,” అంది అక్క. “మేము చర్చికి పోయేటోళ్లం. మాకు ఆదివారం ఒక్కటే అడ్డం.”

“తీసుకునేవాళ్లకు లేకపోవచ్చమ్మా,” అన్నాడాయన. “ఇచ్చేవాళ్లకు ఉంది.”

అక్క మళ్లీ దుప్పట్ల మూట మీద కూర్చుంది. పట్టీలు విప్పింది. కాలు తీసి, అరికాలికి అంటిన దుమ్మును కొంగుతో తుడిచింది. తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, ఇంకోసారి తుడిచింది. కవర్లో దూర్చి, చీటీ ముందుకు కనపడేటట్టు గోడకు ఆనించింది. ఎవరి ఇంటి నుంచో అడిగి తెచ్చుకున్న గిన్నెను కడిగి ఇచ్చేసినట్టు.

నేను పక్కనే ఉన్నాను. ఊరికే ఉన్నానని కాదు, ఏదో అన్నాను కూడా. 'కాలు ఈడ పెట్టి పోతాండాం సార్, నడక మాత్రం మాతో తీసకపోతాండాం' అన్నట్టు గుర్తు. కార్యదర్శి హాయిగా నవ్వి నా భుజం తట్టాడు. అక్క కర్రలు అందుకుని బయటికి పోయింది. ఆమెను ఆటోలో బస్టాండు దాకా దింపాను. లౌడ్‌స్పీకర్లున్న ఆటోలో అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ పోలేదు.

శ్రావణం వచ్చింది. జెండా పండక్కి ముందు పడిన శుక్రవారం నాడు సభ పెట్టారు. పెద్ద కళ్యాణమండపం, పూలదండలు, గుమ్మానికి పెద్దమనిషి నిలువెత్తు ఫ్లెక్సీ. పొద్దున్నే కాళ్లు పోయినవాళ్లంతా వచ్చారు. గోస్పాడు నుంచి ఒక రైతు, కొత్తపల్లె నుంచి ఒక ఆర్టీసీ డ్రైవరు, ఇంకా ఎందరో. టెక్నీషియన్ కూడా వచ్చాడు. వేదిక వెనక గదిలో ఒక్కొక్కరికీ తొడిగి చూస్తున్నాడు.

అక్క వంతు వచ్చింది. కాలు తొడిగి, లేవమన్నాడు. లేచింది. ఆమె నిలబడింది గానీ, ఆ కాలు ఆమెతోపాటు నిలబడలేదు. పాదం మెల్లగా పక్కకు తిరిగి గోడ వైపు చూసింది. అతను తీసి ఇంకో సాక్సు ఎక్కించాడు. ఆ మీద ఇంకోటి. తరువాత గుడ్డ మడిచి లోపల పెట్టాడు. పాదం మళ్లీ తిరిగింది.

“ఎప్పుడు వచ్చినాయి సార్ ఈ కాళ్లు?” అని అడిగాడు కార్యదర్శిని.

“మొన్ననే,” అన్నాడు కార్యదర్శి.

టెక్నీషియన్ నా వైపు చూశాడు. నేను మైకు వైరు సరిచేసుకున్నాను.

“అక్కా, కాలు బాగా సన్నబడింది. ఇది పనికిరాదు. కొత్తగా కొలత తీసి చేయాల్సిందే,” అన్నాడు అతను మెల్లగా.

“ఎప్పుడు చేస్తారు నాయనా?”

“శిబిరం ఎప్పుడు పెడితే అప్పుడు.”

జెండా పండగ తరువాతి వారంలోనే ఉంది.

అప్పటికి పదిన్నర. పెద్దమనిషి రాలేదు. నేను వేదిక ఎక్కి నా పని మొదలుపెట్టాను. ఆ మధ్యలో ఒక తమాషా జరిగింది. కాళ్లు తొడుక్కుని కూర్చున్నవాళ్లను చూసి ఫొటోగ్రాఫరు పేచీ పెట్టాడు. అందరి కాళ్లకూ కాళ్లున్నాయి, ఇంక ఆయన ఇచ్చేదేముంది, ఫొటోలో ఏం పడుతుంది అన్నాడు. నిజమే గదా అనుకుని కార్యదర్శి అందరి చేతా మళ్లీ విప్పించాడు. ఎవరి కాలు వాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, పసిబిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని టీకాల కోసం వచ్చిన తల్లుల మాదిరి. రెండు గంటల పాటు నేను వాళ్లను నవ్వించాను. డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వాడు. అక్క నవ్వలేదు. ముందు వరసలో కూర్చుని, ఒళ్లోని కాలు మీద చెయ్యి వేసి, నన్నే చూస్తూ కూర్చుంది.

పెద్దమనిషి వచ్చాడు. జ్యోతి వెలిగించాడు. ఆయన గురించి అరగంట చెప్పారు, ఆయన గురించి ఆయన ఇంకో అరగంట చెప్పాడు. తరువాత వరసగా పిలవమని నాకు చీటీ ఇచ్చారు. అప్పుడు నాకు లోపల ఏదో మండింది. ఈ రోజు అనేస్తాను, అందరి ముందర అనేస్తాను అనుకున్నాను. మైకు దగ్గరగా తీసుకున్నాను.

“ఈ కాళ్లు మే నెల్లోనే వచ్చినాయి సార్! మీరు రాలేదని అవి గూడా కదల్లేదు. మూడు నెల్లు గోడకానుకుని నిలబడి ఎదురుచూసినాయి. ఇంత మర్యాద తెలిసిన కాళ్లు మనుషులకు గూడా ఉండవు సార్!”

కార్యదర్శి మొహం పాలిపోవడం చూశాను. అప్పుడు పెద్దమనిషి పెద్దగా నవ్వాడు. వెనకాలే మండపమంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. ఆయన లేచి వచ్చి, తన మెడలోని శాలువా తీసి నా భుజాల మీద కప్పాడు. 'ఎవరప్పా వీడు, బలే మాటకారి!' అన్నాడు. మాట మైకులో పడింది. ఇంకోసారి చప్పట్లు.

కత్తి అనుకుని దూశాను. చేతిలోకి వచ్చింది విసనకర్ర.

అక్కను పిలిచారు. ఇద్దరు మనుషులు పట్టుకుని వేదిక ఎక్కించారు. పెద్దమనిషి పాదం వైపు పట్టుకున్నాడు, అక్క పై భాగం పట్టుకుంది. ఫొటోగ్రాఫరు కిందికి వంగి, “నవ్వమ్మా, ఒకసారి నవ్వు,” అన్నాడు.

“నవ్వు గూడా ఈ సార్ చేతి మీదనే ఇప్పిస్తారేమో అడుగు నాయనా,” అంది అక్క.

ఆ మాట మైకు దాకా రాలేదు, అందుకే ఎవరూ నవ్వలేదు. వీడియో కోసం కాలు తొడిగి నాలుగడుగులు వేయించారు. ఆమె నడవలేదు. ఇద్దరి మధ్య వేలాడుతూ వేదిక దాటింది. పాదం పక్కకు తిరిగి జనం వైపు చూస్తూ పోయింది. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. పెద్దమనిషి ఉన్నాడు, కార్యదర్శి ఉన్నాడు, నా శాలువా అంచు ఉంది, మా అక్క కాలు ఉంది. మా అక్క పడలేదు.

జెండా పండగ రోజు ఆమె ఆ కాలు తొడుక్కునే బడికి పోయింది. లోపల చీర ముక్కలు కుక్కుకుని, రెండు కర్రలతో పోయిందట. హెడ్మాస్టరు కుర్చీ వేయించి, బూంది పొట్లం చేతికిచ్చి, మెల్లగా చెప్పాడు. గంజి వార్చేటప్పుడు కాలు తిరిగితే, పక్కనే పిల్లలు తిరుగుతుంటారమ్మా అని. అక్క వాదించలేదు. ఆ మాట ఆయన కంటే ముందు ఆమెకే తెలుసు. పిల్లల మీద గంజి పడుతుందేమోనన్న భయం ఆయనకంటే ఆమెకే ఎక్కువ. పని ఇంకొకామెకు పోయింది.

నేను వెంటనే పోలేదు. ఆ వారం సభలు ఎక్కువ. తరువాతి ఆదివారం చర్చి వదిలే వేళకు ఆళ్లగడ్డ పోయాను. అక్క ఇంట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బడికి కాదు, తనకే. కాలు తలుపు వెనక నిలబడి ఉంది, అదే కవర్లో. నేను కార్యదర్శి చెప్పిన సంగతి చెప్పాను. వచ్చే శిబిరంలో మొదటి పేరు ఆమెదేనని, తప్పకుండా చూస్తానన్నాడని.

“శిబిరం ఎప్పుడంట?”

“దాత దొరకాల గదక్కా.”

ఆమె గింజలు తీస్తూనే ఉంది. ఆ నిశ్శబ్దం నేను తట్టుకోలేను, నా సంగతి మీకు తెలిసిపోయింది కదా. ఏదో ఒకటి అనాలి.

“నేను మాత్రం ఊరకుండలేదక్కా,” అన్నాను. “ఆయన మొగం మీదనే అనేసినా గదా, మైకులో, అంతమంది ముందర. నువ్వూ విన్నావు గదా.”

అక్క చేతులు ఆగాయి. నా వైపు చూసింది, గుడ్డు దొంగను చూసినట్టు కాదు, జ్వరమొచ్చిన పిల్లవాణ్ని చూసినట్టు.

“విన్నాలేరా. అన్నావు, నవ్వినారు, నీకు శాలువా కప్పినారు,” అంది. “నా కాలు మూడు నెల్లే ఉన్నింది వాళ్ల గదిలో. నీ నోరు ఎన్నేండ్ల నుంచో ఆడనే ఉంది గదరా. అది నీకెప్పుడు ఇస్తారంట?”